వెన్ను వంపు - బాలల జీవన నాణ్యత

పండ్రెండేండ్ల బాలికకు జడ వేయుచున్న తల్లి, బిడ్డ భుజములలో ఒకటి రెండవదానికంటె ఎత్తుగా ఉన్నదని గమనించును. పరికిణీ అంచు ఒక ప్రక్క క్రిందికి జారినట్లుండును. "సరిగా నిలబడవే" అని గదుముటయే సాధారణముగా మన యిండ్లలో జరుగు మొదటి చికిత్స. కాని ఆ పిల్ల సరిగానే నిలబడినది. వెన్నెముకయే ప్రక్కకు వంగి, కొంత మెలి తిరిగినది. దీనిని వైద్యులు స్కోలియోసిస్ అందురు. పుస్తకముల సంచి మోయుటవలన గాని, వంకరగా కూర్చుండుటవలన గాని ఇది కలుగదు. పదిమందిలో ఇంచుమించు ఎనిమిదిమంది విషయమున దీనికి కారణము నేటికిని తేలలేదు. కావున తల్లిదండ్రులు తమ్ము తాము నిందించుకొనుట వ్యర్థము; పిల్లను నిందించుట అంతకంటె అన్యాయము.

న్యూయార్కు వైద్యుడు జాన్ కాబ్ 1948లో ఈ వంపును కొలుచుటకు ఒక పద్ధతిని వివరించెను. ఎక్స్‌రే చిత్రముపై, వంపునకు ఎగువన మిక్కిలి ఒరిగిన పూస పై అంచు వెంబడి ఒక గీతను, దిగువన మిక్కిలి ఒరిగిన పూస క్రింది అంచు వెంబడి మరియొక గీతను గీచి, వాని నడిమి కోణమును లెక్కింతురు. అది 10 డిగ్రీలకు చేరినచో స్కోలియోసిస్ అని నిర్ణయింతురు. ఎదుగు వయస్సు పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ మాత్రపు వంపు ఉండును. వారిలో పెక్కుమందికి ఏ చికిత్సయు అక్కరలేదు. పెద్ద వంపులు మాత్రము బాలికలలోనే ఎక్కువ. ఎదుగుచున్న పిల్లలకు 25 డిగ్రీలు దాటినచో బ్రేసు అను గట్టి కవచమును తొడుగుదురు. 45, 50 డిగ్రీలు దాటినచో శస్త్రచికిత్సను గూర్చి ఆలోచింతురు.

మేము వైద్యులము కాము. మా స్టూడియోలో ధ్వని మట్టమును చూపు సూది యొకటి యుండును. ప్రసంగమంతయు సూది గీత దాటకుండ సాగినంత మాత్రమున మాట శ్రోత మనస్సునకు చేరినదని చెప్పజాలము. కాబ్ కోణమును అట్టిదే. అది లేనిదే వైద్యునికి పని సాగదు. కాని సరిగా 35 డిగ్రీల వంపే గల ఇద్దరు బాలికలలో ఒకతె కబడ్డీ ఆడుచుండగా, రెండవ ఆమె ఓణీ వీపుమీదినుండి తొలగునేమోయని తరగతిలో లేచి నిలబడుటకే జంకుచుండవచ్చును. ఎక్స్‌రే చిత్రమున వీరిద్దరును ఒక్కటే.

ఆ రెండవ బాలిక బ్రతుకును కొలుచుట యెట్లు? ఆమెనే అడుగవలెను. ఇంత తేలికైన సంగతి వైద్యశాస్త్రమునకు స్ఫురించుటకు చాలకాలము పట్టుట మాకు వింతగా తోచును. 1966లో అమెరికాలో ఏర్పడిన స్కోలియోసిస్ రిసెర్చ్ సొసైటీ పేరిట నేడు 22 ప్రశ్నల పట్టిక యొకటి వాడుకలో ఉన్నది. నొప్పి, పనిపాటలు, తన రూపముపై తన అభిప్రాయము, మనఃస్థితి - ఈ నాలుగింటికి అయిదేసి ప్రశ్నలు. చికిత్సవలన కలిగిన తృప్తికి రెండు. ప్రతి ప్రశ్నకు 1 మొదలు 5 వరకు మార్కులు. ఎక్కువ మార్కులు వచ్చినచో బ్రతుకు మెరుగని అర్థము.

ఈ పట్టికలతో జరిగిన పరిశోధనలలో తేలిన ముఖ్యమైన సంగతి యొకటి కలదు. కోణమునకును మార్కులకును గల సంబంధము మిక్కిలి బలహీనము. పెద్ద వంపుతో నిబ్బరముగా నున్న పిల్లలును, చిన్న వంపుతో కుంగిపోవుచున్న పిల్లలును కనబడుదురు. మరియు తల్లిదండ్రులు చెప్పు జవాబు, బిడ్డ చెప్పు జవాబు తరచుగా సరిపోవు.

పట్టికకు లోపములు లేకపోలేదు. వంపు స్వల్పముగా నున్న పిల్లలు మొదటనే దాదాపు పూర్తి మార్కులు తెచ్చుకొందురు. తరువాత కలుగు మేలును చూపుటకు అందు చోటుండదు. పదేండ్లలోపున వ్యాధి కనిపించిన పసివారు తామై వ్రాయజాలరు. వారికొరకు తల్లిదండ్రులు నింపవలసిన 24 ప్రశ్నల పట్టిక వేరుగా ఉన్నది. ఊపిరి, అలసట, నిత్యకృత్యములతోపాటు కుటుంబముపై పడు భారము, డబ్బు ఖర్చు కూడ అందు చేరినవి. పసితనములో వంపు పెరిగినచో ఊపిరితిత్తులు ఎదుగుటకు చోటు చాలదు గనుక అక్కడ ఊపిరి ప్రశ్నయే ప్రాణప్రదము.

బ్రేసు సంగతి చూతము. అమెరికా, కెనడా దేశములలో జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో రోజునకు కనీసము 18 గంటలు బ్రేసు ధరింపుమని పిల్లలకు చెప్పిరి. ఎదుగుదల ముగియువరకు వంపు 50 డిగ్రీలకు చేరకుండ నిలిచినవారు బ్రేసు వర్గములో నూటికి 72 మంది, కేవలము కనిపెట్టి చూచిన వర్గములో 48 మంది. బ్రేసులో అమర్చిన ఉష్ణమాపకము నిజముగా ధరించిన గంటలను లెక్కించినది. సగటున 13 గంటలు, అంతకు పైగా ధరించినవారిలో ఫలితము ఇంకను మెరుగు; నూటికి 90 మందికి వంపు ఆగినది. అదే పరిశోధనలో జీవన నాణ్యతను కూడ అడిగిరి. రెండు వర్గములకును చెప్పుకోదగిన భేదము కానరాలేదు. బ్రేసువలన బాధ లేదని దీని అర్థము కాదని మా అభిప్రాయము. ఏమియు చేయక వంపు పెరుగునేమోయని ఎదురుచూచుటయును ఒక బాధయే గదా. పైగా సగటు లెక్కలో ఏ ఒక్క పిల్ల ఏడుపును కానరాదు. బ్రేసువలని మనఃక్లేశమునే విడిగా అడుగుటకు జర్మనీలో, బాట్ సోబర్న్‌హైమ్ అను పట్టణము పేరిట, 8 ప్రశ్నల పట్టిక తయారైనది. చలిదేశమున కోటు క్రింద దాగు కవచము, రెంటచింతల ఎండలలో పలుచని ఓణీ క్రింద చెమటతో అంటుకొను కవచము ఒకటే కావు.

ఈ ప్రశ్నలను మన భాషలోనికి తెచ్చుట కూడ కేవలము నిఘంటువు చూచి చేయు పని కాదు. ఇద్దరు విడివిడిగా అనువదించి, మరియొకరు దానిని తిరిగి ఆంగ్లములోనికి మార్చి, భేదములను చర్చించి, కొందరు పిల్లలచే చదివించి చూడవలెను. స్నేహితులకంటె ఎక్కువగా బయట తిరుగుచున్నావా, తక్కువగానా అని మూలములో ఒక ప్రశ్న ఉన్నది. పల్లెలో పదునాలుగేండ్ల బాలిక "తక్కువ" అని వ్రాసినచో అది వెన్నువలననా, పెద్దమనిషియైనందున ఇంటివారు విధించిన కట్టడివలననా? వీపు ఆకారమును గూర్చిన ప్రశ్నలో అనువాదకుడు "గూని" అను మాట వాడెనా, జవాబు అక్కడనే చెడినది. మన కథలలో వెన్ను వంగినవారు మంథరవలె నిందల పాలైరి, లేదా అష్టావక్రునివలె మహాజ్ఞానులైరి. మామూలుగా బడికి పోయివచ్చు పిల్లకు ఆ మాటలో చోటు లేదు.

వంపు పెరిగినచో బ్రతుకంతయు పాడగునని భయపడు తల్లిదండ్రులకు ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. అమెరికాలోని అయోవాలో, కౌమారమున వంపు కనబడి ఏ చికిత్సయు పొందని 117 మందిని 50 ఏండ్ల తరువాత పరీక్షించి 2003లో ఫలితములు ప్రకటించిరి. దీర్ఘకాలపు నడుము నొప్పి వారిలో నూటికి 61 మందికి ఉండగా, వంపు లేనివారిలో 35 మందికి ఉన్నది. అయినను వారు ఇతరులవలెనే పనిపాటలు చేసికొనుచు బ్రతికిరి. ఆయుర్దాయము తగ్గలేదు. రూపమును గూర్చిన చింత మాత్రము కొందరిని ముదిమిలోను విడువలేదు.

కావున ఆసుపత్రికి పోయినపుడు కోణమెంతయని మీరు అడుగుడు. పిల్లను వైద్యునితో స్వయముగా మాటాడనిండు. ప్రశ్నల పట్టిక ఇచ్చినచో ఆమె వ్రాయుచుండగా భుజముమీదినుండి తొంగి చూడకుడు. ఆటలవేళ బ్రేసు తీయుటకు సాధారణముగా వైద్యులు అనుమతింతురు. ఆ అనుమతిని ఒక చీటీపై వ్రాయించుకొని బడిలో ఉపాధ్యాయునికి ఈయుడు. దానిని తీసి పెట్టుకొనుటకు తలుపున్న గది యొకటి చూపుమని కూడ అడుగుడు.