మంచు మీద పందెం, ఇంటి మీద భారం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూదం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. పేకాట గురించో, గుర్రప్పందేల గురించో చెబుతానని మీరు అనుకోవచ్చు. వాటి సంగతి మీకు తెలిసిందే. ఈ రోజు నేను లూజ్ అనే మంచు ఆట మీద కాసే పందేల గురించి చెప్పదలచుకున్నాను. ఆ ఆటకూ మనకూ ఏం సంబంధం అంటారా? మన పిల్లల చేతిలోని సెల్‌ఫోనే సంబంధం. క్రికెట్టు మీద పందెం కాయడానికి అలవాటు పడ్డ కుర్రవాడికి అదే ఫోనులో, చలికాలపు ఒలింపిక్సు రోజుల్లో, మంచుబండ్ల రేట్లు కూడా కనబడతాయి. జన్మలో మంచు చూడనివాడు కూడా మంచుబండి మీద డబ్బు పెడుతున్నాడు.

ముందు ఆట సంగతి చెబుతాను. లూజ్ అంటే ఫ్రెంచి భాషలో చిన్న జారుడుబండి. ఆటగాడు దాని మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు పెట్టి, మంచుగడ్డ కట్టిన వంకర దారిలో జారిపోతాడు. బండికి బ్రేకు లేదు. పిక్కలతో, భుజాలతో నొక్కి దారి మళ్లించుకోవాలి. వేగం గంటకు 130, 140 కిలోమీటర్లు దాటుతుంది. 1964లో ఇన్స్‌బ్రుక్‌లో ఇది ఒలింపిక్సులో చేరింది. ప్రాణంతో పని. 2010లో కెనడాలోని విస్లర్‌లో జార్జియా దేశపు 21 ఏళ్ల నోదర్ కుమారితాష్విలి సాధన చేస్తూ బండి మీంచి ఎగిరిపడి చనిపోయాడు.

మన దేశంవాడూ ఒకడున్నాడు. మనాలీ ప్రాంతపు శివ కేశవన్ 16 ఏళ్లకే 1998 నగానో ఒలింపిక్సులో జారాడు. 2018 వరకు వరుసగా ఆరు ఒలింపిక్సులకు వెళ్లాడు. ఇక్కడ మంచుదారి లేక, బండికి చక్రాలు కట్టుకుని హిమాలయాల రోడ్ల మీద సాధన చేశాడు. ఒలింపిక్ పతకం రాలేదు. అయినా ఆ శ్రమకు ఎవరైనా సలాం చేయవలసిందే.

మరి పందెం కాసేవాడి శ్రమ ఏమిటి? కొందరు యువకులు నాతో వాదించారు. "ఇది పేకముక్కల అదృష్టం కాదండీ, నైపుణ్యం. ఎవరు గెలుస్తారో లెక్క చూసి చెప్పవచ్చు. 2014లో, 2022లో ఒలింపిక్సు లూజ్ బంగారు పతకాలన్నీ జర్మనీవాళ్లే పట్టుకుపోయారు కదా!" అన్నారు. నిజమే. కానీ నాయనా, నైపుణ్యం జారేవాడిది. నీది పందెం మాత్రమే.

నైపుణ్యం ఉన్నచోట కూడా ఫలితం ఎంత సన్నటి దారం మీద వేలాడుతుందో చూడండి. 1998లో ఆడవారి పోటీలో నాలుగుసార్లు జారిన కాలమంతా కలిపితే, మొదటి ఆమెకూ రెండో ఆమెకూ మధ్య తేడా సెకనులో వెయ్యింట రెండు వంతులు. రెప్పపాటు కూడా దానికంటే ఎంతో ఎక్కువ. 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో జర్మనీ వీరుడు ఫెలిక్స్ లోక్ మూడు పరుగుల దాకా అందరికంటే ముందున్నాడు. అంతకు ముందు రెండు ఒలింపిక్సుల్లో బంగారం గెలిచినవాడు. చివరి పరుగులో ఒక మలుపు దగ్గర బండి అదుపు తప్పింది. ఐదో స్థానంలోకి పడిపోయాడు. బంగారం ఆస్ట్రియావాడికి వెళ్లింది.

ఇప్పుడు రేట్ల లెక్క వినండి. తప్పకుండా గెలుస్తాడనుకునేవాడి మీద 100 రూపాయలు కాస్తే 120 ఇస్తామంటారనుకుందాం. వరుసగా ఐదుసార్లు గెలిస్తే లాభం 100. ఆరోసారి ఓడితే ఆ 100 కాస్తా పోయింది. ఇద్దరూ సమఉజ్జీలైతే ఎవరి మీద కాసినా 100కు 190 ఇస్తామంటారు. ఒకడు ఇటు, మరొకడు అటు కాశారు. బుకీ చేతికి 200 వచ్చింది, 190 ఇచ్చాడు, 10 మిగుల్చుకున్నాడు. ఏ బండి ముందొచ్చినా ఆ 10 అతనిదే. జారేవాడు ఓడవచ్చు, కాసేవాడు ఓడవచ్చు, రేటు కట్టినవాడు మాత్రం నిలబడే ఉంటాడు.

ఆ తరువాత జరిగేది మనకు తెలుసు. పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలన్న సామెత జూదగాడి నోట పడితే ఇల్లు మునుగుతుంది. వడ్డీకి తెస్తాడు. ఇంటావిడ నల్లపూసల దండ తాకట్టుకు పోతుంది. పిల్లల ఫీజు ఆగిపోతుంది.

దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలో (90, 91) సారాయినీ జూదాన్నీ ఒకేచోట చేర్చి నిషేధించింది. అవి మనుషుల మధ్య పగ పెంచుతాయని, నమాజు నుంచి మరలిస్తాయని కారణం కూడా తెలిపింది. ఆటను మాత్రం ధర్మం కాదనలేదు. ప్రవక్త (స) స్వయంగా గుర్రాల పోటీ పెట్టించారు. పోటీలో పాల్గొన్నవారికి బయటివారు ఇచ్చే బహుమతి వేరు, తలా ఇంత వేసి గెలిచినవాడు ఓడినవారి సొమ్ము పట్టుకుపోవడం వేరు అని మన ఫఖీహులు వివరించారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అరబ్బుల పాత మైసిర్‌లో బాణాలతో చీట్లు తీసి ఒంటె మాంసం గెలుచుకునేవారు. గెలిచిన మాంసాన్ని బీదలకు పంచడం గొప్పగా భావించేవారు. అయినా అది హరామే అయింది. కనుక "గెలిచిన దానిలో సగం సంఘానికి ఇస్తాను" అని ఎవరైనా వస్తే మనం ఏం చేయాలో వేరే చెప్పనక్కరలేదు.

చట్టం కూడా ఇటే ఉంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను గట్టిపరచాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అనే తేడా లేకుండా నిషేధించింది. కానీ ఫోను మన ఇంట్లో ఉంది, పోలీసు వీధిలో ఉన్నాడు.

అందుచేత మూడు మనవులు చేస్తున్నాను. ఒకటి, పందెం సొమ్ము చందాగా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. రెండు, ఇలా అప్పులపాలైన కుటుంబాన్ని నలుగురిలో నవ్వులపాలు చేయవద్దు. రేషన్, బడి ఫీజు సంఘమే నేరుగా కట్టాలి, నగదు మాత్రం పందెం కాసినవాడి చేతికి ఇవ్వవద్దు. ఆ చేయి ఇంకా వణుకుతూనే ఉంటుంది. మూడు, పిల్లలకు ఆట స్థలం చూపించండి. ఆట చూసి ఆనందించనివ్వండి, ఓడినవాడికి కూడా చప్పట్లు కొట్టడం నేర్పండి. డబ్బు పెట్టినవాడికి ఆ చప్పట్లు రావు.

అల్లాహ్ మన హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక, మన పిల్లలను ఈ జారుడు దారి నుంచి కాపాడుగాక. ఆమీన్. వస్సలాం.