రౌటరు పెట్టెలోని గ్రంథము



ఇంటర్నెట్టు గల యిండ్లలో గోడకుఁ దగిలింపఁబడి, చిన్న దీపములతో మినుకు మినుకుమనుచు నొక పెట్టె యుండుట మీరు చూచియే యుందురు. దానిని రౌటరందురు. తీగవెంట వచ్చిన సమాచారమును గాలిలోనికి విడుచుటయు, గాలిలో వచ్చినదానిని తీగ కెక్కించుటయు దాని పని. ఆ పెట్టె తనంతటఁ దా నేమియు నెఱుఁగదు. ఏ మాట నెవరి కందింపవలెనో చెప్పు గ్రంథ మొకటి దాని లోపల వ్రాయఁబడి యున్నది. దానికే ఫర్మ్‌వేరని పేరు. అంగడిలోఁ గొన్నవాఁడు పెట్టెకు స్వామి యగును గాని, ఆ గ్రంథమునకు సాధారణముగా స్వామి కాఁడు. విప్పి చదువుటకును వీలుండదు. ఈ చిక్కు కొంత వీడిన కథయే నేను నేఁడు మనవి చేయఁదలఁచినది.

2002 సంవత్సరాంతమున అమెరికాలో లింక్‌సిస్ అను కంపెనీ డబ్ల్యుఆర్‌టి54జి అను రౌటరును అమ్మకమునకుఁ బెట్టెను. మఱుసటి యేఁడు కొందఱు దానిని పరిశీలించి, లోపలి గ్రంథము లినక్స్ నాధారముగాఁ జేసికొన్నదని కనుగొనిరి. లినక్స్ నలుగురును ఉచితముగాఁ బంచుకొను వ్రాత. అయినను దాని కొక నియమము కలదు. దానిని చేర్చి వస్తువు నమ్మువాఁడు, తాను చేసిన మార్పులతోఁగూడ మూలమును కొన్నవారి కీయవలెను. పాఠము చెప్పించుకొన్నవాఁడు అడిగినవానికిఁ బాఠము చెప్పకపోరాదను మన పూర్వుల కట్టుబాటు వంటి దిది. భేద మేమన, ఇది న్యాయస్థానమున నిలుచు కట్టుబాటు. కంపెనీవారు 2003లోనే మూలమును బయటఁ బెట్టవలసివచ్చెను. దానినుండియే 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను స్వతంత్ర గ్రంథము మొదలయ్యెను. నేఁటికిని అది వృద్ధి నొందుచునే యున్నది.

ఇందువలనఁ బ్రయోజన మేమి యందురేమో. కంపెనీవారి గ్రంథము ఒక్క యింటిని దృష్టిలో నుంచుకొని వ్రాసినది. పొరుగింటి పెట్టెతో మాటాడుమని యందు లేదు. బెర్లిన్ నగరమున ఫ్రైఫుంక్ అను పేరఁ జేరిన పౌరులు తమ మిద్దెలపైఁ బెట్టెలు పెట్టి, ఈ యింటి మాట ఆ యింటిమీఁదుగా మూఁడవ యింటికిఁ బోవునట్లు గ్రంథమును తిరుగ వ్రాసికొనిరి. మొదట వారు వాడిన పద్ధతిలోఁ బ్రతి పెట్టెయు ఊరి పటమంతయు జ్ఞప్తియం దుంచుకొనవలెను. పెట్టెలు పెరిగినకొలఁది అది బరువయ్యెను. అంతట 2006 ప్రాంతమున బ్యాట్‌మ్యాన్ అను వేఱొక పద్ధతిని కల్పించిరి. ఇందు ఏ పెట్టెకును పటము తెలియదు. ఫలానా చోటికిఁ బోవలసిన మాటను ఏ పొరుగువాని చేతి కీయవలెనో యంతమాత్రమే తెలియును. తెలియని యూరికి దారి యడుగుచుఁ బోవు బాటసారి త్రోవ యిదియే గదా! ఆ దేశమున నేఁడు ఊరూరి సంఘము తన గ్రంథమును తానే కూర్చి యుంచును. సామాన్యుఁడు దానిని తెచ్చి తన పెట్టెలో నెక్కించినఁ జాలును.

మన దేశమున 2005 జనవరిలో ప్రభుత్వమువారు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను ఆరుబయట లైసెన్సు లేకుండ వాడుట కనుమతించిరి. మఱుసటి నెలలోనే ధర్మశాలలోఁ దిబెట్టు శరణార్థుల సంస్థలను గలుపుచు నిట్టి వల యొకటి లేచెను. కొండలపైఁ గొన్ని పెట్టెలు సూర్యరశ్మిచే నడచినవి. కోఁతులు పట్టుకొని యూఁగినను ఊడిపోని కంబములు కావలసివచ్చినవఁట!

ఇఁక గ్రంథమును గూర్చు విధము. నే మొదటఁ జెప్పిన పెట్టెలో గ్రంథమునకుఁ గల చోటు 4 మెగాబైట్లు. నేఁటి సెల్‌ఫోనుతోఁ దీసిన ఛాయాచిత్ర మొక్కటి పట్టుటయే కష్టము. కావున అక్కఱలేని ప్రతి యధ్యాయమును దీసివేయవలెను. సూత్రకారుని పొదుపు ఇచ్చటఁ గనఁబడును. పెట్టెకుఁ దనంతటఁ గూర్చుకొను శక్తి లేదు గనుక, పెద్ద కంప్యూటరుపై, పెట్టెకుఁ దెలిసిన భాషలోఁ గూర్చి, పిదప నెక్కింతురు. ముఖ్యభాగమును నొక్కి చిన్నదిగాఁ జేసి, మార్చ వీలులేనట్లుంతురు. మనము తరువాతఁ జేయు మార్పులు వేఱొక చోట నుండును. తాళపత్రమును ముట్టక, సవరణలు వేఱొక యాకుపై వ్రాసి దానిమీఁదఁ గట్టినట్లన్నమాట. సవరణ తప్పినచో ఆ యాకును బాఱవేసిన, మూలము చెక్కుచెదరక దొరకును.

అయినను మూలమే తప్పుగా నెక్కించినచో ఈ యేర్పాటు రక్షింపఁజాలదు. ఇది నా యనుభవము. మా మనుమఁడును నేనును పాత రౌటరు నొకదానిని దెచ్చి గ్రంథము నెక్కించితిమి. దీపము లాఱినవి, మఱల వెలుఁగలేదు. ఇట్టిదానిని తెలిసినవారు ఇటుక యందురు. ప్రశ్నను పూర్తిగాఁ జదివి సమాధానము వ్రాయుఁడని ముప్పది యేండ్లు పిల్లలకుఁ జెప్పిన నేను, పెట్టె యడుగునఁ జీటిపై నున్న కూర్పు సంఖ్యను చదువనైతిని! ఒకే పేరుగల పెట్టెకుఁ బలు కూర్పులుండును. ఒకదాని గ్రంథము వేఱొకదానికిఁ బనికిరాదు. విద్యుత్తు పెట్టిన తొలి కొన్ని సెకండ్లలో, తీగద్వారా వచ్చు క్రొత్త గ్రంథముకొఱకుఁ బెట్టె యెదురుచూచునని మా వాఁడు చదివి తెలిసికొనెను. ఆ గడియను బట్టుకొనుటకు రెండు దినములు పట్టెను.

ఇంకొక చిక్కును జెప్పక తప్పదు. రౌటర్లు అనుమతించిన తరంగబలమును మీఱరాదని అమెరికా ప్రభుత్వసంస్థ నిర్బంధింపఁగా, టిపి-లింక్ కంపెనీవారు అచ్చట నమ్ము రౌటర్ల గ్రంథమంతటికిని తాళము వేసిరి. తరంగబలమును గాచుట న్యాయమే. ఒక గది కొఱకు ఇల్లంతయు మూయుట న్యాయము కాదు. తుదకు 2016లో ఆ సంస్థతోఁ జేసికొన్న యొప్పందమున, ఇతరులు కూర్చిన గ్రంథములను గొన్నవారు ఎక్కించుకొనుటకుఁ దోడ్పడుదుమని వారంగీకరించిరి.

మా పెట్టె యిప్పుడు మిద్దెపై నున్నది. ఎదురింటివారి పెట్టెతో మాటాడుచున్నది. మూఁడవదానిని గ్రంథాలయముపైఁ బెట్టుట కనుమతి యడిగితిమి. మేడమీఁద విద్యుత్తు సాకెట్టు లేదని వారు సెలవిచ్చిరి. సాకెట్టు ఖర్చు మే మిచ్చుకొందుమని మొన్న మరల నర్జీ వ్రాసియున్నాము.