'అతి' అనే మాట

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఉద్యోగమంతా డ్రాఫ్టులు రాసినవాణ్ణి గనుక ఒక మాటనే విషయంగా తీసుకున్నాను. 'అతి'. రెండే అక్షరాలు.

ఇది సంస్కృత ఉపసర్గ. దాటిపోవడం దీని అర్థం. అంతాన్ని దాటితే అత్యంతం, క్రమాన్ని దాటితే అతిక్రమణ. ఆ దాటడం మంచికా చెడుకా అన్నది ఈ మాట చెప్పదు. 1907లో సూరత్ కాంగ్రెసులో చీలిన వర్గాలను మన పాఠ్యపుస్తకాలు అతివాదులు, మితవాదులు అన్నాయి. తిలక్ గారిని అతివాది అంటే అది తిట్టు కాదు. 'అత్యాచారం' చూడండి. నడవడి హద్దును దాటడం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఆ మాటకు దౌర్జన్యమన్న విశాలమైన అర్థమే ఉంది. పత్రికల్లో మాత్రం ఇప్పుడు ఒక్క నేరానికే పరిమితమైపోయింది. పాత కాగితాలు చదివి మనుమలు పొరబడ్డారంటే తప్పు వారిది కాదు.

'మితి' అంటే కొలత. 'మితిమీరింది' అనాలంటే ముందు ఒక కొలత ఉండాలి. 'అతి'కి ఆ అవసరం లేదు. చూసేవాడి కంటికి ఎక్కువనిపిస్తే చాలు.

వాడుకలో ఇంకొక విశేషం. పప్పుచారులో ఉప్పు ఎక్కువైతే 'ఉప్పు కషాయం' అంటాం. గోంగూరలో మిరపకాయలు ఎక్కువ పడితే మంట అంటాం. 'అతి అయింది' అని మన గుంటూరు జిల్లాలో కూడా ఎవరూ అనరు! పెళ్ళిలో వియ్యపురాలు నాలుగుసార్లు అలిగితే మాత్రం 'అతి చేస్తోంది' అంటారు. అంటే ఈ మాట వెనక ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి మీద నింద ఉండాలి.

నేను ఈ మాట ఎత్తుకున్నది అసలు అందుకే.

1987-88 పత్తి సంవత్సరం మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. నేనప్పుడు ప్రకాశం జిల్లాలో గుమాస్తాను. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్లనే కొత్త మందులు వచ్చాయి. తొలి ఏళ్ళలో బాగా పనిచేశాయి. పురుగుతోపాటు దాన్ని తినే మిత్ర పురుగులనూ చంపాయి. 1984-85లో తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88కి శనగపచ్చ పురుగు మందుకు లొంగడం మానేసింది. కొట్టింది పనిచేయకపోతే మళ్ళీ కొట్టడం, డోసు పెంచడం, రెండు మూడు మందులు కలిపి కొట్టడం. ప్రతి పిచికారీకీ బతికి మిగిలింది మందును తట్టుకున్న పురుగే. దాని సంతతే పెరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన పత్తి రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. వారిలో కౌలుదార్లు చాలామంది.

ఆ రోజుల్లో ఆఫీసుల్లో, హోటళ్ళలో నేను విన్న మాట 'అత్యాశ'. రైతుకు అత్యాశ పెరిగిందట. నాకు ఆనాడూ రుచించలేదు, ఈనాడూ రుచించదు. అతి ఉన్నది పిచికారీలో. కౌలు ముందే కట్టి, అప్పు తెచ్చి, నల్లరేగడిలో వేసిన పంట చేతికి రావాలని కోరడం ఉత్త ఆశే. మందు డబ్బా అరువిచ్చినవాడే ఎంత కొట్టాలో కూడా చెప్పేవాడు. అతణ్ణి ఎవరూ అత్యాశపరుడనలేదు. నేను నింపిన పంట నష్టం ఫారాల్లో అతివృష్టికి గడి ఉంది, అనావృష్టికి గడి ఉంది. మందు పనిచేయకపోవడానికి గడి లేదు. 'ఇతరములు' అనే గడిలో వేయమన్నారు, వేశాను.

2021-22లో నల్ల తామర పురుగు మిరప మీద పడి పూతను తుడిచిపెట్టింది. అప్పుడు మా మేనల్లుడు ఫోను చేశాడు. "మేం అతిగా కొడుతున్నామని టీవీలో తిడుతున్నారు మామయ్యా. కొట్టకపోతే చేలో కాయ మిగలదు. ఎన్నిసార్లు, ఎంతెంత కొట్టాలో చేను గట్టుకొచ్చి చెప్పమనండి, అంతే కొడతాం" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మన సంఘంలో వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన మిత్రులు ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆ ప్రశ్న వారికి అప్పగించి సెలవు తీసుకుంటున్నాను.