నట్టింట పలికిన మాట
(సంఘమువారి సాహిత్యగోష్ఠిలో చేసిన ప్రసంగపాఠము)



ప్రసిద్ధుడైన వ్యక్తి యొకడు టెలివిజను ప్రత్యక్షప్రసారమున అనరాని మాట అన్నప్పుడు లోకము ఏల ఉలికిపడును? ఆ ఉలికిపాటులో న్యాయమైన భాగమెంత, వట్టి ఆర్భాటమెంత? ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. మన గోష్ఠులలో పోతనను గూర్చియో, త్యాగరాజును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేటి విషయము విని కార్యదర్శిగారు కొంచెము తటపటాయించిరి. సభలో స్త్రీలును పిల్లలును ఉందురు గదా అని వారి సందేహము. ఆ మాటను నేను ఉచ్చరింపబోనని హామీ యిచ్చిన మీదట ఒప్పుకొనిరి. నిజమునకు వారి సందేహమే నా ప్రసంగవిషయము.

1965 నవంబరు 13వ తేదీ శనివారము రాత్రి లండనులో ‘బి.బి.సి.-3’ అను వ్యంగ్యవినోద కార్యక్రమము ప్రసారమగుచుండెను. నాటకములపై ప్రభుత్వనియంత్రణమును గూర్చి అందులో చర్చ వచ్చినది. ఆ రోజులలో ఇంగ్లాండున ఏ కొత్త నాటకమును ప్రజలకు ప్రదర్శింపవలెనన్నను రాజాస్థానపు ఉద్యోగియైన లార్డ్ చాంబర్లెన్ అనుమతి కావలసియుండెను. 1968లో గాని ఆ నిబంధన తొలగలేదు. చర్చలో పాల్గొన్నవారిలో కెనెత్ టైనన్ ఒకరు. నాటకవిమర్శకుడుగా ఆయన కలము పదును ఆ దేశమంతట ప్రసిద్ధము. అప్పటికి నేషనల్ థియేటరులో లారెన్స్ ఒలీవియర్ వద్ద నాటకములను ఎన్నిక చేయు పదవిలో ఉండెను. స్త్రీపురుషుల కలయికను రంగస్థలముపై చూపు నాటకమును మీరు అనుమతింతురా అని ప్రశ్నింపగా, తప్పక అనుమతింతుననెను. అంతటితో ఊరకుండక, ఆ క్రియను తెలుపు పచ్చిమాట నేడు బుద్ధిమంతులెవరికిని అంత ఘోరముగా తోచదని చెప్పుచు, ఆ మాటను ఉన్నదున్నట్లు పలికెను.

ఆ పలుకు నోరుజారి వచ్చినది కాదు; కోపమున వచ్చినదియు కాదు. అది ఒక వాదమునకు ఉదాహరణముగా వచ్చినది. అంతకు పూర్వము 1956లో ఐరిష్ నాటకకర్త బ్రెండన్ బీహన్ మద్యపు మత్తులో బి.బి.సి. టెలివిజనులోనే ఆ మాట అనెనని చెప్పుదురు. కాని ఆయన నాలుక మడత పడియుండినందున అది ఎవరికిని స్పష్టముగా వినబడలేదట! టైనన్ మాట మాత్రము స్పష్టముగా వినబడినది.

తరువాత జరిగినది వినుడు. బి.బి.సి. వారు విచారము ప్రకటించిరి. పార్లమెంటు సాధారణసభలో నాలుగు తీర్మానములు దాఖలైనవి. వానిపై రెండు పెద్ద పక్షములకు చెందిన 133 మంది సభ్యులు సంతకములు చేసిరి. ఉపాధ్యాయినిగా పనిచేసి, 1964 నుండి టెలివిజను పరిశుభ్రతకై ఉద్యమము నడుపుచుండిన మేరీ వైట్‌హౌస్ అను గృహిణి ఏకముగా ఎలిజబెత్ రాణిగారికే జాబు వ్రాసెను. ఆయనను చిన్నపిల్లవానివలె పిరుదులపై కొట్టవలెనని ఆమె సూచన. పత్రికలు ఈ వార్తను దినముల తరబడి ప్రకటించినవి. కాని అసలు మాట ఏదియో అచ్చువేయుటకు వానిలో పెక్కింటికి ధైర్యము చాలలేదు. ‘నాలుగక్షరముల మాట’ అని వ్రాసి ఊరకొనినవి. మన దేశమున ఆ సంవత్సరముననే ఢిల్లీలో టెలివిజను దినప్రసారములు మొదలైనవి గనుక, ఇట్టి తంటాలు మనకింకను దూరముగా ఉండెను.

ఇప్పుడు టైనన్ వాదమును కొంచెము పరిశీలింతము. ఆ మాట అర్థము ఎల్లరకును తెలియును. తెలిసినదానిని పేరుపెట్టి పిలిచినంత మాత్రమున బుద్ధిమంతునికి బాధ యేల అని ఆయన ప్రశ్న. వినుటకిది తర్కసమ్మతముగానే ఉన్నది. కాని మాటలోని దోషము అర్థములో ఉండునని ఆయన భావించినాడు. మన ఆలంకారికులు ఇంతకంటె సూక్ష్మముగా చూచిరి. మమ్మటుడు మున్నగువారు అశ్లీలదోషమును మూడు తెఱగులుగా విభజించిరి: సిగ్గు కలిగించునది, రోత కలిగించునది, అమంగళమును స్ఫురింపజేయునది. దోషమును వారు వినువాని మనస్సున కలుగు స్పందమును బట్టి నిర్ణయించిరి గాని, నిఘంటువులోని అర్థమును బట్టి కాదు.

మూడవ తెఱగు మన తెనుగిండ్లలో నేటికిని సజీవముగా ఉన్నది. డబ్బాలో బియ్యము అయిపోయినచో ‘బియ్యము నిండుకొన్నవి’ అందుము. దీపము ఆరినచో ‘కొండెక్కినది’ అందుము. బయలుదేరు వాడు ‘పోతున్నాను’ అనినచో ఇంటి పెద్దది ‘వెళ్ళివస్తానను నాయనా’ అని దిద్దును. డబ్బా ఖాళీ అయినదని అందరకును తెలియును. ‘నిండుకొన్నవి’ అనుటచేత ఒక్క గింజయు పెరుగదు. అయినను ఆ ఇల్లాలు బుద్ధిహీనురాలు కాదు. అర్థము తెలిసికూడ మాటను తప్పించుట ఇంటి మర్యాద. టైనన్ లెక్కలో ఈ మర్యాదకు చోటు లేదు.

అంతదూరము పోనేల? ఢిల్లీలో కాపురముండు మనకు దీని రెండవ ముఖమును తెలియును. రామకృష్ణపురములో, కరోల్‌బాగులో వీథిలో ఆడుకొను మన పిల్లవాడు ఒక సాయంకాలము ఎక్కడనో విన్న తిట్టును పట్టుకొని ఇంటికి వచ్చును. కొత్తగా కాపురమునకు వచ్చిన తల్లి, కుమారుడు హిందీ నేర్చుచున్నాడని ముచ్చటపడును. ప్రక్కవాటాలోని పంజాబీ అమ్మగారు చెవులు మూసికొనును. మనమును తక్కువవారము కాము. బస్సులో ఎవరికిని తెలుగు రాదను ధైర్యముతో ఎన్నెన్ని మాటలు ధారాళముగా అనుచుందుమో నేను వేరుగా చెప్పనక్కరలేదు. ధ్వని ఒక్కటే, బాధ మాత్రము ఒక చెవికి కలుగును, ఇంకొక చెవికి కలుగదు.

మాటయే పాపమైనచో పుస్తకమున గూడ పాపమే కావలెను. కాని ఇంగ్లాండున టైనన్ ఉదంతమునకు అయిదేండ్ల ముందే ఆ సంగతి తేలిపోయినది. డి.హెచ్. లారెన్స్ నవల ‘లేడీ చాటర్లీస్ లవర్’ను సంపూర్ణముగా అచ్చొత్తినందులకు పెంగ్విన్ వారిపై 1960లో అభియోగము నడిచినది. ప్రభుత్వపక్షపు న్యాయవాది ఆ మాట గ్రంథమున ముప్పదిసారులకు తక్కువగాకుండ వచ్చినదని లెక్కించి జూరీకి నివేదించెను. ఇట్టి పుస్తకమును మీ భార్యలు, మీ సేవకులు చదువుట మీకు సమ్మతమా అనియు అడిగెను. ఆ ప్రశ్నతోనే ఆయన వ్యాజ్యము సగము ఓడినదని పలువురి అభిప్రాయము. నవంబరు 2న జూరీ పెంగ్విన్ వారిని నిర్దోషులనెను. పుస్తకము విడుదలైన మొదటి దినముననే రెండులక్షల ప్రతులు అమ్ముడుపోయినవి. ఆ కొన్నవారిలో 1965లో టెలిఫోను ఎత్తి బి.బి.సి.ని తిట్టినవారును కొందరుండకపోరు. వారిని కపటులనుట సులభము. నేనట్లనను. పుస్తకమును మనము డబ్బిచ్చి కొని, తలుపు వేసికొని చదువుదుము. టెలివిజను మన నట్టింట, అత్తగారు, కోడలు, పిల్లవాడు కలిసి కూర్చున్న చోటికి అతిథివలె వచ్చును. అతిథి నోట వచ్చిన మాటకు ఇంటి యజమాని తన పిల్లలయెదుట సిగ్గుపడవలసివచ్చును. జనులు కోపించినది ఆ సిగ్గునకే.

ఇదే నవల విషయమున మన దేశపు తీర్పు వేరుగా వచ్చినది. దానిని అమ్మినందులకు బొంబాయి పుస్తకవిక్రేత రంజిత్ ఉదేశీకి పడిన శిక్షను మన సుప్రీంకోర్టు 1964లో స్థిరపరచెను. ఆంగ్లేయులే సడలించుకొనిన 19వ శతాబ్దపు కొలమానమును మనము పట్టుకొనియుంటిమి. 2014లో గాని దానిని విడువలేదు.

ఇక రెండవ ఉదంతము. 1976 డిసెంబరు 1వ తేదీ సాయంకాలము, పిల్లలు ఇంటికి చేరి తల్లిదండ్రులతో తేనీరు పుచ్చుకొను వేళ, థేమ్స్ టెలివిజను వారి ‘టుడే’ కార్యక్రమమునకు ‘సెక్స్ పిస్టల్స్’ అను గాయకబృందము వచ్చినది. రావలసిన వేరొక బృందము రాలేకపోయినందున వీరిని పిలిచిరి. సంభాషణ నడపిన బిల్ గ్రండీ ఆ కుర్రవాండ్రను రెచ్చగొట్టి, ఇంకేదైన ఘోరముగా అనుడు అని ప్రోత్సహించెను. వారు అనిరి. ఆ ప్రసారము లండను ప్రాంతమునకు మాత్రమే పరిమితము. కాని మరునాటి పత్రికల మొదటిపుటలు దేశమంతట చదివిరి. అనగా మాటను విన్నవారికంటె, విన్నవారి కోపమును గూర్చి చదివినవారు అనేకరెట్లు ఎక్కువ. లారీ నడుపు ఒకాయన, ఎనిమిదేండ్ల కుమారుడు ఆ మాటలు వినరాదని, తన టెలివిజను పెట్టెను కాలితో తన్ని పగులగొట్టెనని పత్రికలు వ్రాసినవి. మీట త్రిప్పినచో సరిపోయెడిది గదా అని నవ్వుదుము. కాని మీట త్రిప్పుట వినకముందు చేయగల పని; ప్రత్యక్షప్రసారములో ఏ మాట రాబోవునో ఎవరికి తెలియును? ఆయన తన్నినది పెట్టెను కాదు, మర్యాద తప్పిన అతిథిని. గ్రండీని రెండువారములు పనినుండి తప్పించిరి. ఆ బృందపు కచేరీలలో అధికభాగము రద్దయినవి, జనవరిలో ఇ.ఎం.ఐ. రికార్డుల కంపెనీ వారితో ఒడంబడిక విరమించుకొనెను. ఇంతటి ప్రచారము డబ్బిచ్చినను దొరకదు. ఆ కుర్రవాండ్ర పేరు ఇంటింట తెలిసినది.

ఫిర్యాదులు చదువుట మనలో పెక్కుమందికి నిత్యకృత్యము. ప్రతి ఫిర్యాదులోను రెండు భాగములుండును. ‘నాకిట్లు జరిగినది’ అనునది మొదటిది. ‘కనుక వానికిట్లు చేయుడు’ అనునది రెండవది. నా అనుభవమున మొదటిది సామాన్యముగా సత్యము, రెండవది సామాన్యముగా అతిశయము. వైట్‌హౌస్ అమ్మగారి దెబ్బల సూచనను చూచి నవ్వినవారు ఆమె జాబులోని మొదటిభాగమునుగూడ చెత్తబుట్టలో వేసిరి. అప్పటి బి.బి.సి. అధిపతి హ్యూ కార్ల్‌టన్ గ్రీన్ ఆమెను కలిసికొనుటకే నిరాకరించెను. ఇది నాకు సమ్మతము కాదు. పౌరుని జాబునకు జాబు వ్రాయవలెను; ‘మీ యింట మీకు కలిగిన నొప్పి మాకు తెలిసినది’ అని చెప్పవలెను. అట్లే, ఆ నొప్పిని సాక్ష్యముగా పుచ్చుకొని మాట అన్నవానిని కోర్టుకీడ్చుటయు నాకు సమ్మతము కాదు. అట్లు ఈడ్చినచో రేపు వ్యాకరణపండితుడును ఉదాహరణ చెప్పుటకు జంకును.

శిక్షకు దిగినచో ఎట్టి చిక్కు కలుగునో అమెరికా అనుభవము చూపుచున్నది. 2003 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ బహుమతి నందుకొనుచు, ‘యు-టు’ బృందపు గాయకుడు బోనో సంతోషము పట్టలేక ‘ఎంతో గొప్పగా ఉన్నది’ అనుటలో ‘ఎంతో’ అనుచోట ఆ మాటను వాడెను. ప్రసారములను నియంత్రించు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనునకు 234 ఫిర్యాదులు చేరినవి. వానిలో మిక్కిలి పెద్దభాగము ఒక్క సంఘమునకు సంబంధించినవారివే. కమిషను క్రింది విభాగము అక్టోబరులో ఫైలు ముగించెను: ఇది విశేషణముగా వాడిన మాట, క్రియను వర్ణించుట లేదు, కావున అశ్లీలము కాదు అని. కొన్ని నెలలకు, 2004 మార్చిలో, కమిషను ఆ ఉత్తర్వును త్రోసిపుచ్చెను: ఏ రూపమున వాడినను ఆ మాటకు మూలార్థము విడువదు అని. ఒకే వాక్యము, ఒకే చట్టము, ఒకే కార్యాలయము, రెండు నోట్లు! తరువాత ఇట్టివే వేరు ప్రసారములపై వెలువడిన ఉత్తర్వులను, ముందుగా స్పష్టమైన హెచ్చరిక లేదను కారణముచే, 2012లో అమెరికా సుప్రీంకోర్టు చెల్లవనెను. ఆ మాట అనవచ్చునా కూడదా అను ప్రధానప్రశ్న జోలికి మాత్రము పోలేదు. ఫైలును ఎట్లు ముగింపవలెనో తెలిసినవారు!

ఈ నడుమ ప్రసారసంస్థలు వేరొక ఉపాయము పన్నినవి. 2004 ఆస్కారు ఉత్సవమును అయిదు సెకండ్లు ఆలస్యముగా ప్రసారము చేసిరి. పేరు ప్రత్యక్షప్రసారమే, కాని కాపలాదారు ఒకడు మీటపై వ్రేలుంచి కూర్చుండును. 2022 మార్చి 27న అదే ఉత్సవమున, తన భార్య తలను గూర్చి పరిహాసమాడిన క్రిస్ రాక్‌ను నటుడు విల్ స్మిత్ వేదికనెక్కి చెంపపై కొట్టెను. పిదప తన ఆసనమునకు వచ్చి, ఆ పాతమాటనే రెండుమారులు బిగ్గరగా అరచెను. కాపలాదారు తన పని చేసెను. అమెరికా ప్రేక్షకులకు పెదవుల కదలిక తప్ప శబ్దము వినబడలేదు. కాని జపానులోను ఆస్ట్రేలియాలోను సాగిన ప్రసారములలో శబ్దము ఆపలేదు. కొద్ది నిముషములలో ఆ దృశ్యము ధ్వనితో సహా లోకమంతట వ్యాపించినది. తరువాత అకాడమీవారు ఆయనను పదేండ్లు తమ ఉత్సవములకు రాకూడదనిరి. వారములతరబడి నడచిన చర్చ దాదాపు అంతయు ఆ చెంపదెబ్బను గూర్చియే. దెబ్బ న్యాయమా, భార్య గౌరవమునకై కొట్టవచ్చునా, పరిహాసమునకు హద్దేది అని వాదించుకొనిరి. మాటను గూర్చి అడిగినవారు అరుదు. 1965లో 133 మంది పార్లమెంటు సభ్యుల చేత సంతకములు పెట్టించిన మాట అదియే.