చల్లేదీ మందే, కొట్టేదీ మందే



వ్యవసాయ పట్టా పుచ్చుకునే పిల్లలకు పదసంపద గురించి చెప్పడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మీ ఉద్యోగంలో సగం మాట్లాడటమే, మిగతా సగం వినడం. రేపు మీ దగ్గరికొచ్చే రైతు పురుగు పేరు లాటిన్‌లో చెప్పడు. “సారూ, వరికి ఉల్లికోడు పడింది” అంటాడు. ఆ మాట తెలిస్తే రోగమేదో అక్కడే సగం తేలిపోతుంది. పురుగు మొవ్వులో చేరడంతో ఆకు విచ్చుకోక, ఉల్లికాడలా గొట్టమై బయటికొస్తుంది. ఆ పిలక ఇక కంకి వెయ్యదు. సుడిదోమ అంటే దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీల్చేది. గట్టు మీంచి చూస్తే పచ్చటి చేలో అక్కడక్కడా సుడులు సుడులుగా ఎండిన మచ్చలు కనిపిస్తాయి. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ, చేలోకి దిగి చూసినవాళ్లే పెట్టి ఉంటారు.

అలాగని పల్లెమాట అన్నిచోట్లా సరిపోతుందని నేననను. చాలా ఊళ్లలో యూరియా చల్లినా మందే, పురుగుకు కొట్టినా మందే, తెగులుకు కొట్టినా మందే. దోమకని తెగులు మందు కొట్టి డబ్బు పోగొట్టుకునేది ఇలాంటి చోటే. అక్కడ మీ చదువు ఇచ్చిన మాటలు కావాలి. రెండు వైపుల మాటలూ తెలిసినవాడే పనికొస్తాడు.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తి పదకోశం’ తొలి సంపుటం వేసింది. సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. అది మొత్తం వ్యవసాయం మీదే. 1971లో వచ్చిన రెండోది చేనేత మీద. నిఘంటువంటే కావ్యాల్లోంచి మాటలేరడమే అనుకునే పండితులున్న దేశంలో, నాగలి పట్టినవాణ్ణి అడిగి రాసుకోవడం చిన్న సంగతి కాదు. మీ లైబ్రరీలో ఉంటే తీసి చూడండి, లేకపోతే తెప్పించమని అడగండి. పరీక్షలు అయిపోయాయి కాబట్టి సరదాగానే చదవొచ్చు.

సరదా అని ఊరికే అనలేదు. మనం పట్నాల్లో పడేదాన్నంతా వర్షం అనేసి ఊరుకుంటున్నాం. జల్లు పడితే దుమ్ము అణుగుతుందే గానీ దుక్కికి పదును రాదు. ముసురు పట్టిందంటే కల్లంలో ధాన్యం మొలకెత్తుతుందేమోనని రైతుకు దిగులు. ఈ తేడా మాటల్లో పట్టుకున్న రోజు మబ్బు పట్టినప్పుడల్లా మీకూ ఏదో తోస్తుంది. కోస్తాలో మాగాణి అనేదాన్ని తెలంగాణలో తరి అంటారు. బదిలీ మీద వెళ్లిన మొదటి వారంలోనే ఇలాంటివి నాలుగైదు చెవిన పడతాయి.

ఆ 1962 నాటి సంపుటంలో కోత మిషను గోలా, డ్రిప్పు పైపులూ, డ్రోన్లూ దొరకవు. వాటి చుట్టూ రైతులు ఇప్పుడు అల్లుకుంటున్న మాటలు మీరు వింటారు. ఫోనులో రాసుకోండి. ఏ ఊళ్లో, ఏ పంట దగ్గర విన్నారో కూడా పక్కనే రాయండి.