కోరిక, కాగితం, కారు

(వనస్థలిపురం శాఖ సమావేశంలో చేసిన ప్రసంగం)



ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి. గ్రాట్యుటీ డబ్బుతో లోటస్ సెవెన్ నమూనాలో ఒక స్పోర్ట్స్ కారు కట్టాలని నా కోరిక. 1957లో ఇంగ్లండులో వచ్చిన ఆ కారును చాలామంది విడిభాగాలుగా కొని ఇంట్లోనే బిగించుకునేవారు. అలా కొంటే అప్పట్లో అమ్మకం పన్ను తప్పేది. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ సంస్థకు వెళ్లాయి.

మన ఆటోనగర్‌లో వాకబు చేశాను. ఛాసిస్ వెల్డింగుకూ, ఫైబర్ బాడీకీ పనివాళ్లున్నారు. మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది: “కట్టాక రోడ్డెక్కనిస్తారా?”

అక్కడ ఆగాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. పాత కారు మీద కొత్త బాడీ ఎక్కించినా, ఎవరో అలా మార్చింది కొన్నా చిక్కు ఒకటే. ఆర్.సి. సరిగా లేకపోతే ఇన్సూరెన్సుకూ తంటాయే.

మనవణ్ణి బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియానికి తీసుకెళ్లాను. 2010లో తెరిచిన అక్కడ బూటు, బ్యాటు ఆకారాల్లో కూడా కార్లున్నాయి. వాటిని చూశాక నా మనసు కుదుటపడింది.

ఇప్పుడు పెరట్లో వాడికో తొక్కుడు కారు కడుతున్నాను. రూపం లోటస్‌దే. గ్రాట్యుటీ బ్యాంకులో భద్రం. మిత్రులారా, ముందు కాగితం, తర్వాతే ఇనుము. సెలవు.