తేడాలు కనిపెట్టే కెమెరా



గదిలో ఎవరు కదిలితే అటు చెయ్యి చూపించే రోబో బొమ్మల్ని మన పిల్లలు సరదాగా చేసేస్తున్నారు. చిన్న కెమెరా, మోటారు, కంప్యూటరు, 2000లో ఇంటెల్ సంస్థ బయటపెట్టిన ‘ఓపెన్ సీవీ’ అనే ఉచిత ప్రోగ్రాము ఉంటే చాలు.

పత్రికల్లో ‘తేడాలు కనుక్కోండి’ అంటూ రెండు బొమ్మలు వేస్తారు చూడండి, కిటుకంతా అదే! కెమెరా వెంటవెంటనే ఫోటోలు తీస్తుంది. వెనకటి దానికీ ఇప్పటి దానికీ తేడా వచ్చిన చోట కదలిక ఉన్నట్టు లెక్క. కెమెరా మాత్రం కదలకూడదు. కిటికీ తెర ఊగినా, లైటు ఆర్పినా పొరబడుతుంది.

“అమ్మా, చంటిపాపకు దీన్ని కాపలా పెడదామా?” అంటే మాత్రం ఒప్పుకోకండి. పాప కదిలితేనే దానికి కబురు. కదలకపోతే అది హాయైన నిద్రో, ఆపదో దానికి తెలియదు. ఆ తేడా మనమే దగ్గరుండి చూసుకోవాలి.